విని నేర్చిన వైద్యం చాలదు: సాధారణ వైద్యుల శిక్షణలో క్రియాశీల అభ్యసనం

(ప్రత్యేక వ్యాసం)

ప్రజారోగ్య వ్యవస్థలో రోగి మొట్టమొదట కలుసుకొనేది సాధారణ వైద్యుడిని. ఆయన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారి కావచ్చు, పట్టణంలో వీధి మలుపులో క్లినిక్ నడుపుతున్న ఎం.బి.బి.ఎస్. వైద్యుడు కావచ్చు. ఆ తొలి సంప్రదింపులో తీసుకొనే నిర్ణయంపైనే రోగి తదుపరి చికిత్స ఆధారపడి ఉంటుంది. రెండు వారాలకు పైబడిన దగ్గుతో వచ్చిన వ్యక్తికి కఫ పరీక్ష చేయిస్తే క్షయవ్యాధి సకాలంలో బయటపడుతుంది. దగ్గు మందు, ఏదో ఒక యాంటీబయాటిక్ వ్రాసి పంపివేస్తే ఆ వ్యక్తి మరికొన్ని వారాలపాటు వ్యాధిని మోస్తూ, ఇంటిల్లిపాదికీ పంచుతూ తిరుగుతాడు. ఈ రెండు మార్గాలలో దేనిని ఎంచుకోవాలో నిర్ణయించే వ్యవధి వైద్యునికి కొద్ది నిమిషాలే.

ఆ కొద్ది నిమిషాలను సద్వినియోగం చేసుకొనే నేర్పును తరగతి గదిలో ఉపన్యాసాల ద్వారా అలవరచడం సాధ్యమా అన్న ప్రశ్న గత ఆరు దశాబ్దాలుగా వైద్య విద్యారంగంలో చర్చనీయాంశమై ఉన్నది. దానికి సమాధానంగా రూపొందినవే క్రియాశీల అభ్యసన పద్ధతులు. భారతదేశంలో 2019 నుంచి అమలులోకి వచ్చిన సామర్థ్యాధారిత వైద్య విద్యా ప్రణాళికకు కూడా ఇవే పునాది. ఈ పద్ధతుల స్వరూపం, అవసరం, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తున్నది.

తెలిసినదానికీ చేసేదానికీ మధ్య

2015లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఢిల్లీకి సంబంధించిన ఒక అధ్యయనం ప్రచురితమైంది. క్షయవ్యాధి లక్షణాలను చెప్పేందుకు ప్రత్యేక శిక్షణ పొందిన వ్యక్తులను రోగుల వలె 100 మంది ప్రైవేటు చికిత్సకుల వద్దకు పంపారు. వీరిలో వైద్య పట్టా గలవారూ, లేనివారూ ఉన్నారు. అధ్యయనంలో పాల్గొనడానికి చికిత్సకులు ముందుగానే అంగీకరించారు. అయితే తమ ఎదుట కూర్చున్నది అసలు రోగియా, శిక్షణ పొందిన వ్యక్తియా అన్నది వారికి తెలియదు. ఇటువంటి 250 సంప్రదింపులలో 52 మాత్రమే, అనగా 21 శాతం మాత్రమే, నిర్దేశిత ప్రమాణాలకు అనుగుణంగా జరిగాయి.

ఈ అధ్యయనంలో అంతకన్నా ముఖ్యమైన అంశం మరొకటి కలదు. వారిలో 69 మందికి అదే రోగి వివరాలను ప్రశ్న రూపంలో చెప్పి, ఏమి చేస్తారని అడిగినప్పుడు 73 శాతం మంది ఛాతీ ఎక్స్‌రే లేదా కఫ పరీక్ష చేయిస్తామన్నారు. అవే లక్షణాలతో మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు ఆ పరీక్షలు వ్రాసినవారు 10 శాతం మాత్రమే. సమాధానం తెలిసినవారే దానిని ఆచరణలో పెట్టలేదని ఈ అంకెలు తెలుపుతున్నవి.

ఈ అంతరానికి కారణాలు పలు విధాలు. సమయాభావం, రోగి కోరిన మందు ఇవ్వకుంటే మరొకరి వద్దకు వెళ్తాడన్న ఆందోళన, పరీక్షల ఖర్చు, సమీపంలో ప్రయోగశాల లేకపోవడం వీటిలో కొన్ని. శిక్షణ ఒక్కదానితోనే ఇవన్నీ తొలగిపోవు. అయితే తెలిసిన విషయాన్ని ఒత్తిడిలో కూడా ఆచరించే అలవాటు శిక్షణ కాలంలోనే ఏర్పడవలసి ఉన్నది. అమెరికాకు చెందిన వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ 1990లో ఈ విషయాన్ని నాలుగు మెట్ల పిరమిడ్‌గా సూత్రీకరించారు. విషయం తెలియడం మొదటి మెట్టు. ఎలా చేయాలో తెలియడం రెండవది. పరీక్షకుని ఎదుట చేసి చూపడం మూడవది. నిత్య వృత్తిలో చేయడం నాలుగవది. వ్రాత పరీక్షలు కొలిచేది ప్రధానంగా మొదటి రెండు మెట్లను మాత్రమే. రోగికి మేలు జరిగేది నాలుగవ మెట్టు వద్ద.

సాధారణ వైద్యం ప్రత్యేకత

వైద్య విద్యార్థి శిక్షణలో అధిక భాగం బోధనాసుపత్రి వార్డులలో జరుగుతుంది. అక్కడి రోగి అప్పటికే వడపోతకు గురై ఉంటాడు. హృద్రోగ వార్డులో ఉన్నవారికి గుండె జబ్బు, క్షయ వార్డులో ఉన్నవారికి క్షయ ఉన్నట్లు ముందే తెలుసు. సాధారణ వైద్యుని వద్దకు వచ్చే రోగికి అటువంటి చీటీ ఏదీ ఉండదు. జ్వరంతో వచ్చిన యాభై మందిలో అధికులకు అది తనంతట తానే తగ్గిపోతుంది. ఒకరిద్దరికి డెంగీయో, మలేరియాయో, స్క్రబ్ టైఫస్సో ఉండవచ్చు. ఆ ఒకరిద్దరిని గుర్తించడమే సాధారణ వైద్యుని విద్య. అందరికీ అన్ని పరీక్షలూ వ్రాయడం దానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

రోగి చెప్పే మాట వైద్య గ్రంథంలోని మాట కాదు. "గ్యాస్ పట్టింది" అంటూ ఛాతీని చేతితో రుద్దుకొనే వ్యక్తికి నిజంగా అజీర్తి ఉండవచ్చు, గుండెపోటు కూడా ఉండవచ్చు. "వేడి చేసింది" అన్న మాట వెనుక మూత్రంలో మంట, నోటిపూత, కళ్ల మంట వంటి పలు బాధలు దాగి ఉంటాయి. "ఒళ్లంతా మంటలు, నీరసం" అని నెలల తరబడి తిరిగే మహిళకు రక్తహీనత ఉండవచ్చు; మానసిక కుంగుబాటు కూడా ఉండవచ్చు. ఈ మాటలను విని, సరైన రెండు మూడు ప్రశ్నలు అడిగి, అసలు బాధను వెలికి తీయడం సాధనతో వచ్చే నేర్పు.

రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘకాలిక వ్యాధులలో సాధారణ వైద్యుని బాధ్యత ఇంకా పెరుగుతుంది. బాధ లేనప్పుడు కూడా మందు మానకుండా వేసుకొనేటట్లు రోగిని ఒప్పించవలసి ఉంటుంది. దీనికి మందుల పరిజ్ఞానంతో పాటు రోగి ఇల్లు, ఆదాయం, ఆహారం, అపోహలు తెలిసి ఉండాలి.

క్రియాశీల అభ్యసనం ఆవిర్భావం

విద్యార్థి వినేవాడుగా మిగిలిపోకుండా, తానే సమస్యను విశ్లేషించి, నిర్ణయం తీసుకొని, చేసి, చేసినదానిని తిరిగి పరిశీలించుకొనే బోధనా విధానాలన్నింటినీ కలిపి క్రియాశీల అభ్యసనం అంటారు. ఉపాధ్యాయుడు ఇందులో సమాచారం అందించే వ్యక్తిగా కాక, ఆలోచనను నడిపించే మార్గదర్శిగా వ్యవహరిస్తాడు.

వైద్య విద్యలో ఈ మార్పునకు కెనడాలోని హామిల్టన్ నగరంలో గల మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నాంది పలికింది. 1969లో తొలి బృందాన్ని చేర్చుకొన్న ఆ వైద్య కళాశాల, శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం అంటూ విడివిడిగా పాఠాలు చెప్పే సంప్రదాయాన్ని ప్రక్కనపెట్టి, రోగి సమస్య చుట్టూ పాఠ్యాంశాలను అల్లింది. 1974లో ప్రారంభమైన నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వైద్య కళాశాల ఇదే బాటను అనుసరించింది. ఆ తరువాత ఈ విధానం పలు దేశాలకు వ్యాపించింది.

ప్రధాన పద్ధతులు

సమస్యాధారిత అభ్యసనం: ఎనిమిది నుంచి పది మంది విద్యార్థులకు ఒక రోగి కథను దశల వారీగా అందిస్తారు. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన నలభై ఏళ్ల వ్యవసాయ కూలీ నడుము నొప్పితో వచ్చి నొప్పి సూది వేయమని కోరుతున్నట్లు భావిద్దాం. మొదటి దశలో విద్యార్థులకు తెలిసేది ఇంతే. ఇంకా ఏమి అడగాలి, ఏమి పరీక్షించాలి అన్నది వారే చర్చించి నిర్ణయించాలి. రక్తపోటు ఎక్కువగా ఉన్నదన్న సమాచారం రెండవ దశలో, రక్తంలో క్రియాటినిన్ పెరిగినదన్న నివేదిక మూడవ దశలో అందుతుంది. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తృతంగా ఉన్నదనీ, తొలి దశలలో అది ఏ బాధా కలిగించకపోవచ్చుననీ, నొప్పి తగ్గించే మందులు దెబ్బతిన్న మూత్రపిండాలకు మరింత హాని చేస్తాయనీ విద్యార్థులు గ్రంథాలు వెదకి తెలుసుకొని మరుసటి సమావేశంలో వివరిస్తారు. మూత్రపిండాల పనితీరు, మందుల శాస్త్రం, ప్రాంతీయ వ్యాధుల వ్యాప్తి, రోగితో మాట్లాడే తీరు అన్నీ ఒకే సమస్యలో కలిసివస్తాయి. ఇటువంటి కథను చర్చించిన విద్యార్థి తరువాత వైద్యాధికారిగా నొప్పి సూది చేతిలోకి తీసుకొనే ముందు ఒక్క క్షణం ఆగుతాడన్నదే ఈ పద్ధతి ఆశించే ఫలితం.

బృందాధారిత అభ్యసనం: తరగతిలో 150 మంది ఉన్నప్పుడు చిన్న బృందాలకు వేర్వేరు ఉపాధ్యాయులను సమకూర్చడం కష్టం. 1970వ దశకం చివరిలో అమెరికాలోని ఓక్లహామా విశ్వవిద్యాలయంలో లారీ మైకేల్సన్ రూపొందించిన ఈ పద్ధతిలో ఒకే ఉపాధ్యాయుడు పెద్ద తరగతిని నడపగలుగుతాడు. విద్యార్థులు పాఠాన్ని ముందే చదువుకొని వస్తారు. ఒక చిన్న పరీక్షను మొదట ఒంటరిగా, తరువాత బృందంగా వ్రాస్తారు. అనంతరం అన్ని బృందాలకూ ఒకే సమస్య ఇచ్చి, ఒకేసారి తమ నిర్ణయాన్ని ప్రకటించమంటారు. ఉదాహరణకు, తెల్లవారుజామున కడుపు నొప్పితో నిద్రలేచిన వ్యక్తికి కనురెప్పలు వాలిపోతున్నట్లయితే తక్షణ చర్య ఏమిటి? రాత్రి నేలపై నిద్రించేవారిని కట్లపాము కరిచినప్పుడు కాటు గుర్తు కనిపించకపోవచ్చునన్న సంగతి తెలిసిన బృందం ఒక సమాధానం ఇస్తుంది. తెలియని బృందం అజీర్తికి మందు సూచిస్తుంది. భేదాలు బయటపడినప్పుడు జరిగే వాదనలోనే పాఠం స్థిరపడుతుంది.

శిక్షణ పొందిన నటరోగి: 1960వ దశకం తొలి నాళ్లలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నాడీవ్యాధుల నిపుణుడు హోవార్డ్ బారోస్ ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఆరోగ్యవంతుడైన వ్యక్తికి రోగి కథను, బాధను, హావభావాలను నేర్పి విద్యార్థి ఎదుట కూర్చోబెడతారు. తప్పు జరిగినా ప్రాణహాని లేదు. అదే సన్నివేశాన్ని పదిమంది విద్యార్థులతో పదిసార్లు నడిపించవచ్చు. క్షయ సోకిందని తెలపడం, గర్భిణికి రక్తపోటు ప్రమాదాన్ని వివరించడం, యాంటీబయాటిక్ కావాలని పట్టుబట్టే తండ్రికి జలుబుకు అది అవసరం లేదని నచ్చజెప్పడం వంటి సున్నితమైన సంభాషణలను ఈ విధంగా సాధన చేయిస్తారు. ఢిల్లీ అధ్యయనంలో వైద్య సేవల నాణ్యతను కొలవడానికి ఉపయోగపడినదీ ఇదే పద్ధతి.

సంప్రదింపుల పరిశీలన: బ్రిటన్‌లో 1976 నాటి చట్టం ద్వారా సాధారణ వైద్యులకు ప్రత్యేక వృత్తి శిక్షణను తప్పనిసరి చేశారు. శిక్షణార్థి అనుభవజ్ఞుడైన సాధారణ వైద్యుని క్లినిక్‌లోనే పనిచేస్తాడు. రోగి అనుమతితో సంప్రదింపును వీడియోలో నమోదు చేసి, తరువాత ఇద్దరూ కలిసి చూసే పద్ధతి అక్కడ ప్రాచుర్యం పొందింది. ఈ సమీక్షకు డేవిడ్ పెండిల్టన్, ఆయన సహచరులు 1984లో ఒక క్రమాన్ని సూచించారు. తాను బాగా చేసినదేమిటో ముందుగా శిక్షణార్థి చెప్పాలి. తరువాత పరిశీలకుడు బాగున్న అంశాలను పేర్కొనాలి. ఆపైన ఏమి మార్చుకోవచ్చునో మళ్లీ శిక్షణార్థియే ముందుగా చెప్పాలి. చివరగా పరిశీలకుడు సూచనలు చేయాలి. అవమాన భయం లేనప్పుడే మనిషి తన లోపాన్ని తాను చూడగలుగుతాడన్న గ్రహింపు ఈ క్రమంలో ఉన్నది. రోగి మాట ప్రారంభించిన తరువాత వైద్యుడు ఎంతసేపటికి అడ్డు తగిలాడో చూపించడానికి వీడియోను మించిన సాక్ష్యం ఉండదు.

బాలింట్ బృందాలు: హంగరీలో జన్మించిన మనోవిశ్లేషకుడు మైకేల్ బాలింట్ 1950వ దశకంలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో సాధారణ వైద్యులతో చర్చా సమావేశాలు నిర్వహించారు. తమను ఇబ్బంది పెట్టిన రోగుల గురించి, వారి పట్ల తమలో కలిగిన విసుగు, జాలి, కోపం గురించి వైద్యులు బృందంలో మాట్లాడతారు. ఈ అనుభవాల ఆధారంగా ఆయన గ్రంథం 1957లో వెలువడింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒంటరిగా పనిచేసే యువ వైద్యునికి ఇటువంటి వేదిక ఎంతో అవసరం.

పని ప్రదేశంలో మదింపు: 1975లో స్కాట్లాండ్‌లోని డండీకి చెందిన రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు ఒక కొత్త పరీక్షా విధానాన్ని ప్రచురించారు. విద్యార్థి వరుసగా ఏర్పాటు చేసిన పలు కేంద్రాల గుండా సాగుతూ, ఒకచోట రక్తపోటు చూడటం, మరొకచోట రోగితో మాట్లాడటం, ఇంకొకచోట ఎక్స్‌రే చదవడం చేస్తాడు. ప్రతి కేంద్రంలో ముందే నిర్ణయించిన జాబితా ప్రకారం మార్కులు వేస్తారు. ఇది మిల్లర్ పిరమిడ్‌లోని మూడవ మెట్టును కొలుస్తుంది. నాలుగవ మెట్టు కోసం, అసలు రోగిని చూస్తున్న శిక్షణార్థిని పర్యవేక్షకుడు పదిహేను, ఇరవై నిమిషాలు గమనించి, అక్కడికక్కడే సూచనలు ఇచ్చే లఘు పరిశీలనా పద్ధతిని తదుపరి కాలంలో జాన్ నార్సిని, ఆయన సహచరులు రూపొందించారు.

భారతదేశంలో పరిణామక్రమం

సమాజానికి చేరువైన వైద్యుని తయారు చేయాలన్న సంకల్పం మన దేశానికి కొత్త కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, భోర్ కమిటీ వైద్య విద్యార్థులకు నివారణ, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఇవ్వాలని సిఫారసు చేసింది. 1975 నాటి శ్రీవాస్తవ కమిటీ సిఫారసుల నేపథ్యంలో 1977లో వైద్య విద్యను గ్రామాల వైపు మళ్లించే పథకం ప్రారంభమైంది. బోధనను ఆసుపత్రి గోడల వెలుపలికి తీసుకువెళ్లడం దాని ఉద్దేశం.

బోధనా పద్ధతి విషయంలో కూడా నిబంధన ముందే ఉన్నది. భారత వైద్య మండలి 1997లో జారీ చేసిన నిబంధనలు, బోధనా సమయంలో ఉపన్యాసాలు మూడింట ఒక వంతుకు మించరాదనీ, మిగిలిన రెండు వంతులు ప్రయోగాలు, రోగి పరీక్ష, బృంద చర్చలకు కేటాయించాలనీ స్పష్టం చేశాయి. 2019 నాటి నిబంధనలు అదే నిష్పత్తిని పునరుద్ఘాటించాయి. ఇరవై రెండేళ్ల తరువాత ఒకే సూత్రాన్ని మళ్లీ చెప్పవలసి రావడం, నిబంధనకూ తరగతి గదికీ మధ్య గల దూరాన్ని సూచిస్తున్నది.

2019 ఆగస్టులో చేరిన ఎం.బి.బి.ఎస్. బృందం నుంచి సామర్థ్యాధారిత పాఠ్య ప్రణాళిక అమలులోకి వచ్చింది. పట్టభద్రుడు సమాజానికి తొలి సంప్రదింపు వైద్యునిగా పనిచేయగలగాలన్నది దీని ప్రకటిత లక్ష్యం. చికిత్సకుడు, వైద్య బృంద నాయకుడు మరియు సభ్యుడు, సంభాషణా నిపుణుడు, నిరంతర అధ్యయనశీలి, వృత్తి నిబద్ధుడు అనే ఐదు పాత్రలను పట్టభద్రునికి నిర్దేశించింది. దీని ముఖ్యాంశాలు:

- కోర్సు ఆరంభంలో పునాది శిక్షణ. ఇందులో స్థానిక భాషా పరిచయం కూడా ఒక భాగం.
- మొదటి సంవత్సరం నుంచే రోగులను కలిసే అవకాశం.
- వైఖరి, నైతికత, సంభాషణలపై ప్రత్యేక మాడ్యూల్. రోగి సంఘటనల ఆధారంగా చర్చలు.
- విషయాల మధ్య సమన్వయ బోధన, స్వయం అధ్యయనానికి నిర్ణీత గంటలు.
- నేర్చిన నైపుణ్యాలను ధ్రువీకరించే లాగ్ పుస్తకం, నైపుణ్య ప్రయోగశాలలు.

భారత వైద్య మండలి స్థానంలో 2020 సెప్టెంబరులో ఏర్పడిన జాతీయ వైద్య కమిషన్ ఈ మార్గాన్ని కొనసాగించింది. 2022లో కుటుంబ దత్తత కార్యక్రమాన్ని పాఠ్య ప్రణాళికలో చేర్చింది. దీని ప్రకారం విద్యార్థి కొన్ని గ్రామీణ కుటుంబాలను ఎంచుకొని, కోర్సు కాలమంతా వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి. 2021 నాటి ఇంటర్న్‌షిప్ నిబంధనలు హౌస్ సర్జన్లకు సామాజిక వైద్య విభాగంలో 12 వారాల శిక్షణను నిర్దేశించాయి.

సర్వీసులో ఉన్న వైద్యుల కోసం జరిగిన ప్రయత్నాలలో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల దూరవిద్యా విభాగం 2006లో ప్రారంభించిన కుటుంబ వైద్య డిప్లొమా పేర్కొనదగినది. రోగులను పెద్దాసుపత్రులకు పంపడం తగ్గించి, చేతనైనంత వరకు తమ స్థాయిలోనే పరిష్కరించే శక్తిని సాధారణ వైద్యులకు కల్పించడం దీని ఆశయం. వైద్యులు తమ క్లినిక్ వదలకుండా పాఠ్య మాడ్యూళ్లను చదివి, నిర్ణీత కాలాలలో ప్రత్యక్ష శిక్షణకు హాజరవుతారు. నేర్చినది మరుసటి రోజే తమ రోగులపై ఆచరించే అవకాశం ఇందులోని ప్రధాన బలం. కుటుంబ వైద్యంలో పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులను ప్రోత్సహించవలసిన అవసరాన్ని 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా గుర్తించింది.

తెలుగు రాష్ట్రాలలో ప్రాసంగికత

ప్రాథమిక వైద్యాన్ని ప్రజల ముంగిటికి తీసుకువెళ్లే కార్యక్రమాలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ చేపట్టబడ్డాయి. తెలంగాణలో 2018లో హైదరాబాద్ నగర బస్తీలలో బస్తీ దవాఖానాలు ఆరంభమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రయోగాత్మకంగా, 2023 ఏప్రిల్‌లో పూర్తిస్థాయిలో ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రారంభమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు సంచార వైద్య వాహనంతో గ్రామానికి వెళ్లి రోగులను చూసే పద్ధతి అందులో భాగం. పథకాల పేర్లు, స్వరూపాలు కాలానుగుణంగా మారవచ్చును. అయితే ఏ పథకమైనా ఫలించేది, అందులో కూర్చున్న వైద్యుడు తొలి సంప్రదింపును సక్రమంగా నిర్వహించగలిగినప్పుడే.

ఇక్కడి శిక్షణకు ముడిసరుకు ఇక్కడి వ్యాధులలోనే ఉన్నది. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి, నల్గొండ ప్రాంతాన్ని దశాబ్దాలపాటు పీడించిన ఫ్లోరోసిస్, ఏజెన్సీ ప్రాంతాల మలేరియా, పొలాలలో పాముకాట్లు, పురుగుమందుల విషప్రభావం, వడదెబ్బ వంటివి చర్చా సమస్యలుగా రూపొందించదగినవి. విదేశీ గ్రంథాలలోని కథల కన్నా ఇవి విద్యార్థికి చేరువగా ఉంటాయి.

భాష మరొక ప్రధానాంశం. వైద్య విద్య ఆంగ్లంలో సాగుతుంది; రోగి తెలుగులో, ఉర్దూలో, గిరిజన ప్రాంతాలలో కోయ, గోండి, సవర వంటి భాషలలో మాట్లాడతాడు. అఖిల భారత కోటాలో ఇతర రాష్ట్రాల విద్యార్థులు కూడా ఇక్కడి కళాశాలలలో చేరుతున్నారు. "తెల్లబట్ట", "ఆయాసం", "కళ్లు తిరగడం", "తిమ్మిరి" వంటి మాటల వెనుక గల వైద్యార్థాన్ని నటరోగులతో తెలుగులోనే సాధన చేయించడం ద్వారా నేర్పవచ్చు. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. తర్ఫీదు పొందిన ఆశా కార్యకర్తలు, పదవీ విరమణ చేసిన నర్సులు, రంగస్థల కళాకారులు సైతం ఈ పాత్రను పోషించగలరు.

ఆధారాలు, పరిమితులు

క్రియాశీల అభ్యసనం ఫలితాలపై పరిశోధనలు జరిగాయి. వృత్తిలో ఉన్న వైద్యులకు ఇచ్చే నిరంతర విద్యా కార్యక్రమాలను పరిశీలించి 1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో డేవ్ డేవిస్ బృందం ప్రచురించిన సమీక్ష, ఉపన్యాసాలకే పరిమితమైన కార్యక్రమాలు వైద్యుల ఆచరణను మార్చినట్లు కనిపించలేదనీ, పాల్గొనే అవకాశం గల కార్యక్రమాలు మార్చగలిగాయనీ నిర్ధారించింది. విజ్ఞాన, సాంకేతిక, గణిత శాస్త్రాల కళాశాల బోధనపై 225 అధ్యయనాలను క్రోడీకరించి 2014లో వెలువడిన సమీక్షలో, ఉపన్యాస తరగతులలో సగటున 33.8 శాతం మంది, క్రియాశీల తరగతులలో 21.8 శాతం మంది అనుత్తీర్ణులైనట్లు తేలింది. ఇది వైద్య విద్యకు నేరుగా సంబంధించినది కాకున్నా, బోధనా పద్ధతి ప్రభావాన్ని తెలుపుతుంది.

మరోవైపు పరిమితులను కూడా గమనించవలసి ఉన్నది. సమస్యాధారిత అభ్యసనం పొందినవారు వ్రాత పరీక్షలలో ఇతరుల కన్నా స్థిరంగా ఎక్కువ మార్కులు సాధిస్తారని రుజువు కాలేదు. చిన్న బృందాలకు ఎక్కువమంది ఉపాధ్యాయులు, ఎక్కువ గదులు, ఎక్కువ సమయం కావాలి. ఉపాధ్యాయులలో అనేకులు స్వయంగా ఉపన్యాసాల ద్వారానే చదువుకొన్నవారు. వారికి ముందుగా శిక్షణ అవసరం. మౌలిక శాస్త్రాంశాలను క్లుప్తంగా, స్పష్టంగా పరిచయం చేయడానికి మంచి ఉపన్యాసం ఇప్పటికీ ఉపయోగకరమే. పైగా, బృంద చర్చ పేరిట ఇద్దరు మాట్లాడి ఎనిమిది మంది మౌనంగా కూర్చున్నట్లయితే అది పేరు మార్చుకొన్న ఉపన్యాసమే అవుతుంది. లాగ్ పుస్తకంలో సంతకాలు సంవత్సరాంతంలో ఒకేసారి పడినా ఫలితం అంతే.

పరిశీలించదగిన అంశాలు

ఈ పద్ధతులు కాగితంపై ఉన్నాయా, కళాశాలలో ఉన్నాయా అన్నది తెలుసుకొనేందుకు అధికారులకు, పాత్రికేయులకు కింది ప్రశ్నలు ఉపకరిస్తాయి.

1. వారపు కాలపట్టికలో ఉపన్యాసాల వాటా ఎంత? చిన్న బృంద చర్చలో ఒక్కొక్క బృందంలో ఎందరు విద్యార్థులు ఉన్నారు?

2. విద్యార్థి రోగిని పరీక్షిస్తుండగా ఉపాధ్యాయుడు స్వయంగా చూసిన సందర్భాలు ఏడాదిలో ఎన్ని? వాటిపై అతనికి అందిన సూచనలు నమోదయ్యాయా?

3. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపిన హౌస్ సర్జన్లకు అక్కడ శిక్షణ ఇచ్చే బాధ్యత ఎవరిది? ఆ వైద్యాధికారికి బోధనకు ప్రత్యేక సమయం కేటాయించారా?

4. కుటుంబ దత్తత కింద ఎంచుకొన్న కుటుంబాలను విద్యార్థి ఎన్నిసార్లు కలిశాడు? ఆ కుటుంబంలో రక్తపోటు, మధుమేహం ఉన్నవారి పరిస్థితిలో ఏమైనా మార్పు వచ్చిందా?

5. తుది పరీక్షలో రోగితో మాట్లాడే నేర్పునకు మార్కులు ఉన్నాయా? ఉంటే వాటిని ఏ ప్రాతిపదికపై వేస్తున్నారు?

వీటిలో అయిదవ ప్రశ్న కీలకమైనది. పరీక్షలో ఏది అడుగుతారో విద్యార్థి దానినే నేర్చుకొంటాడు. పరీక్ష జ్ఞాపకశక్తిని మాత్రమే కొలుస్తున్నంత కాలం, తరగతి గదిలో ఎన్ని కొత్త పద్ధతులు ప్రవేశపెట్టినా విద్యార్థి దృష్టి గైడు పుస్తకాలపైనే నిలుస్తుంది. రెండు వారాల దగ్గుతో వచ్చిన వ్యక్తిని ఏమి అడిగాడు, ఎలా పరీక్షించాడు, ఏ పరీక్షకు పంపాడు, ఏమి చెప్పి పంపాడు అన్నవాటికి మార్కులు వేసే కళాశాలలో విద్యార్థి ఆ నాలుగూ నేర్చుకొంటాడు. సామర్థ్యాధారిత ప్రణాళిక కింద చదివిన తొలి బృందం ఇప్పటికే వృత్తిలో ప్రవేశించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఓపీలో వారు చూసే రోగులకు అందుతున్న సేవయే ఈ సంస్కరణకు అసలైన మదింపు కానున్నది.